వెనక బ్యాగ్ కొనేముందు మీ స్టాక్ అడుగు చూసుకోండి

బెంచ్‌రెస్ట్ (బల్ల మీద రైఫిల్‌ని ముందూ వెనకా ఆనించి, తూటాలన్నీ వీలైనంత దగ్గరగా పడేలా కాల్చే ఆట) సెటప్ కొనేవాళ్ళలో చాలామంది డబ్బులన్నీ రైఫిల్ మీద, స్కోప్ మీద, ఆ తర్వాత ముందు రెస్ట్ (రైఫిల్ ముందుభాగం ఆనే స్టాండు) మీద పెట్టేస్తారు, రైఫిల్ వెనక కొస కింద పెట్టే వెనక బ్యాగ్ దగ్గరికొచ్చేసరికి ఏముందిలే ఇసుక సంచే కదా అని చేతికి దొరికింది తీసుకుంటారు. నా దృష్టిలో ముందు రెస్ట్ ఎంత ఖరీదైనదైనా వెనక బ్యాగ్ సరిగ్గా లేకపోతే దాని పనితనం సగం కూడా బయటికి రాదు. చాలాకాలంగా వాడుతున్న బ్యాగ్ గురించి, దానికి ముందు వాడిన రకాల గురించి, ఎంచుకునేటప్పుడు ఏం చూడాలో నాకు తెలిసినంత రాస్తున్నా, కాస్త పెద్దగానే ఉంటుంది.

ముందు ఒక చిన్న లెక్క. ముందు రెస్ట్ మీద స్టాక్ (బ్యారెల్‌ని మోసే, భుజానికి ఆనే భాగం) ఆనే చోటుకీ వెనక బ్యాగ్ చెవులకీ (స్టాక్‌కి రెండు పక్కలా లేచి ఉండే ఇసుక కొమ్ములకీ) మధ్య దూరం దాదాపు 70 సెంటీమీటర్లు అనుకోండి. టార్గెట్ 100 మీటర్లు. అంటే వెనకవైపు జరిగిన కదలిక టార్గెట్ మీద సుమారు 143 రెట్లు అయి కనబడుతుంది. మామూలు ప్రింటర్ కాగితం మందం 0.1 మిల్లీమీటరు ఉంటుంది, బట్ (స్టాక్ వెనక కొస) కింద అంత కదిలితే చాలు, గురి 14 మిల్లీమీటర్లు పక్కకో పైకో పోతుంది. మంచి బెంచ్‌రెస్ట్ రైఫిల్‌తో మనం 100 గజాల దగ్గర పావు అంగుళం లోపు, అంటే 6 మిల్లీమీటర్ల లోపు గ్రూప్ (వరసగా కాల్చిన తూటాల రంధ్రాలు పరుచుకున్న మేర) కోసం తంటాలు పడతాం కదా, ఇప్పుడు ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. అయితే బ్యాగ్ కదలడం ఒక్కటే ఇబ్బంది కాదు, కదిలితే స్కోప్‌లో కనబడుతుంది, మళ్ళీ సరిచేసుకుంటాం. అసలు ఇబ్బంది ఏంటంటే గురి చూసుకున్నాక, వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళేలోపు, చెంప ఆనిన బరువుకో భుజం తగిలినదానికో బ్యాగ్ మెల్లగా కుంగితే అది మన కంటికి ఆనకపోవచ్చు, గ్రూప్‌లో మాత్రం నిలువుగా సాగి కనబడుతుంది. అప్పుడు లోడ్ (తూటా కూర్పు) బాలేదు, పౌడర్ మార్చాలి, సీటింగ్ డెప్త్ (బుల్లెట్ కేసులోకి దిగే లోతు) మార్చాలి అని దాని వెంట పడతాం.

నేను వాడేది వెడల్పాటి అడుగున్న, ఎత్తు తక్కువున్న బ్యాగ్. బాడీ అంతా దళసరి లెదర్, చెవులు మాత్రం కార్డూరా (గట్టి నైలాన్ బట్ట), చెవుల మధ్య ఖాళీ ముప్పావు అంగుళం, లోపల జిర్కాన్ ఇసుక. నా స్టాక్ అడుగు చదునుగా ఉంటుంది, వెడల్పు ఆ ఖాళీకి సరిపోతుంది, అందుకే దీన్ని తీసుకున్నా. స్టాక్ వేరే ఆకారంలో ఉండుంటే ఇదే బ్యాగ్‌ని నేనే వద్దనేవాణ్ణి. ఇది మంచి బ్యాగ్, అది చెడ్డ బ్యాగ్ అని విడిగా చెప్పడం కుదరదు, మీ స్టాక్‌కి మంచిదా కాదా అనేదే ప్రశ్న.

చెవుల మధ్య ఖాళీ గురించి కాస్త ఎక్కువ చెప్తా ఎందుకంటే ఎక్కువమంది తప్పేది ఇక్కడే. కంపెనీలు 3/8, 1/2, 5/8, 3/4 అంగుళాలు, ఇంకా వెడల్పువి 1.25, 3 అంగుళాల దాకా కూడా అమ్ముతాయి. వేట రైఫిల్ స్టాక్‌ల అడుగు సన్నగా, గుండ్రంగా ఉంటుంది, వాటికి సన్న ఖాళీ సరిపోతుంది. బెంచ్‌రెస్ట్ స్టాక్ చదునుగా వెడల్పుగా ఉంటుంది, ఎఫ్-ఓపెన్ (ఎఫ్-క్లాస్ అనే దూరపు గురి పోటీల్లో ఒక విభాగం) స్టాక్‌లు కొన్ని ఇంకా వెడల్పు. ఖాళీ మరీ ఇరుకైతే స్టాక్ లోపలికి దిగకుండా చెవుల పైఅంచు మీద, సరిగ్గా ఆ కుట్టు మీద కూర్చుంటుంది, అక్కణ్ణించి ఎటు ఒరగాలా అని చూస్తూ ఉంటుంది. ఖాళీ మరీ ఎక్కువైతే స్టాక్ మధ్య పల్లంలోకి దిగిపోయి అటూ ఇటూ ఆడుతుంది, చెవులు ఉన్నా లేనట్టే. సరైన ఖాళీ ఉంటే రెండు వైపులా చెవులు స్టాక్‌ని తాకుతాయి కానీ పట్టుకోవు. చదును స్టాక్ అయితే బరువంతా మధ్య పల్లం మీద పడాలి, స్టాక్ పక్కకి పోకుండా చెవులు దారి చూపిస్తే చాలు. కాబట్టి స్కేలు తీసుకుని బట్ అడుగు, మీ బ్యాగ్ ఎక్కడ ఆనుతుందో ఆ చోట, వెడల్పు కొలవండి. ఒక్క చోట కాదు, ముందుకీ వెనక్కీ ఓ రెండు మూడు అంగుళాల మేర కొలవండి, ఎందుకంటే కొన్ని స్టాక్‌లు వెనక్కి పోయేకొద్దీ వెడల్పు మారతాయి, రీకాయిల్‌లో రైఫిల్ వెనక్కి జరిగేటప్పుడు ఆ తేడా చెవుల్ని తోస్తుంది.

చెవుల ఎత్తులో రెండు రకాలు. పొడుగు చెవుల్ని రాబిట్ ఇయర్ అనీ పొట్టి చెవుల్ని బన్నీ ఇయర్ అనీ అంటారు, ప్రొటెక్టర్ లెదర్ బ్యాగులు చూసినవాళ్ళకి ఈ పేర్లు బాగా తెలుసు. పొడుగు చెవులు గుండ్రటి స్టాక్‌ని బాగా ఆపుతాయి, చెవుల్ని చేత్తో నొక్కితే బట్ లేస్తుంది, వదిలితే దిగుతుంది, ఎత్తు సర్దుకోడానికి బావుంటుంది. కానీ పొడుగు చెవి అంటే పైన ఊగే భాగం ఎక్కువ. చదును స్టాక్ ఉన్నవాళ్ళకి నా ఓటు పొట్టి చెవులకే.

ఇక అడుగు. ఇది చాలామంది అసలు తిప్పి కూడా చూడరు. అడుగు గుండ్రంగా ఉబ్బినట్టు ఉంటే బెంచ్ మీద బ్యాగ్ మధ్యలో ఆని చుట్టూ లేచి ఉంటుంది, చెంప ఆనించగానే పక్కకి ఊగుతుంది. డోనట్ బాటమ్ అని వస్తాయి, అడుగున అంచు చుట్టూ దళసరి రింగు కుట్టి మధ్యలో ఖాళీ వదులుతారు, బరువంతా రింగు మీద పడి బ్యాగ్ ఊగకుండా కుదురుగా కూర్చుంటుంది. కాంక్రీటు బెంచ్ ఎప్పుడూ నున్నగా ఉండదు కదా, గరుకు బెంచ్ మీద డోనట్ బావుంటుంది. నా బ్యాగ్‌కి డోనట్ లేదు, వెడల్పాటి చదును అడుగు మాత్రమే, గట్టిగా నింపాను కాబట్టి ఊగదు, కానీ బెంచ్ మీద చిన్న రాయి ఉన్నా తెలిసిపోతుంది. అందుకే కూర్చునేముందు బెంచ్ తుడిచి, బ్యాగ్‌ని పెట్టి రెండు చేతులతో మీదనుంచి గట్టిగా నొక్కి అప్పుడు రైఫిల్ పెడతా.

నింపడం. కొత్త బ్యాగులు చాలావరకు ఖాళీగా వస్తాయి, ఏం నింపాలో మనమే చూసుకోవాలి. మామూలు ఇసుక అంటే క్వార్ట్జ్, దాని సాంద్రత 2.65. హెవీ శాండ్ అని అమ్మే జిర్కాన్ 4.6 పైన ఉంటుంది, క్రోమైట్ కూడా దాదాపు ఆ దరిదాపుల్లోనే. రేణువుల మధ్య ఖాళీ కలుపుకుంటే లీటరుకి క్వార్ట్జ్ ఇసుక 1.6 కిలోల దాకా, జిర్కాన్ 2.8 దాకా తూగుతాయి. అంటే నాలుగు లీటర్లు పట్టే బ్యాగ్‌లో ఒకటి ఆరున్నర కిలోలు, ఇంకొకటి పదకొండు కిలోలు. ఈ తేడా చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది. బరువు బ్యాగ్ రీకాయిల్‌కి వెనక్కి జారదు, స్టాక్ దాని మీద జారుతుంది, మనకి కావలసింది అదే. తేలిక బ్యాగ్ స్టాక్‌తో పాటు తానూ కదులుతుంది, అప్పుడు ప్రతి షాట్‌కీ కొత్త చోట కూర్చుంటుంది. ప్లాస్టిక్ పూసలు, మొక్కజొన్న కండె పొడి నింపిన తేలిక బ్యాగులు ఉన్నాయి కదా, అవి మోసుకెళ్ళడానికి, పడుకుని కాల్చేటప్పుడు బట్ కింద పెట్టి పిసకడానికి బావుంటాయి, వాటి పని వేరు. బెంచ్ మీద వాటితో పావు అంగుళం గ్రూపులు ఆశించొద్దు.

నింపే పద్ధతి కూడా చెప్పాలి ఎందుకంటే మంచి బ్యాగ్‌ని వదులుగా నింపి బ్యాగ్ బాలేదు అన్నవాళ్ళని చూశా. ఇసుక ముందు జల్లెడ పట్టి ఎండలో బాగా ఆరబెట్టండి, తడి ఉంటే కుట్టు పాడవుతుంది, లెదర్‌కి బూజు పడుతుంది. మూతికి మాస్క్ కట్టుకోండి, ఇది మాత్రం వదలొద్దు, సన్నటి సిలికా ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది, వస్తే తగ్గే జబ్బు కాదు. చెవులకీ బాడీకీ లోపల దారి ఉన్న బ్యాగ్ అయితే బ్యాగ్‌ని తలకిందులుగా పట్టుకుని ముందు చెవులు నింపాలి. గరాటుతో కొంచెం కొంచెం ఇసుక పోస్తూ, సన్నటి నున్నటి చెక్క కర్రతో చెవి కొసలోకి కూరాలి, బయటనుంచి వేళ్ళతో తడుతూ ఉండాలి. చెవి కొసని బొటనవేలితో నొక్కితే లోపలికి పోకూడదు. ఆ తర్వాత బాడీ, పోస్తూ నేలకేసి మెల్లగా తడుతూ, మళ్ళీ పోస్తూ. నిండిపోయింది అనిపించాక కూడా ఇంకా పడుతుంది, నమ్మండి. చివర్లో స్టాక్‌కి పల్చటి గుడ్డ చుట్టి చెవుల మధ్య పెట్టి మీద బరువు వేసి కాసేపు ఉంచితే పల్లం స్టాక్ ఆకారానికి వస్తుంది. కొన్నాళ్ళు వాడాక ఇసుక సర్దుకుని మళ్ళీ కాస్త వదులవుతుంది, అప్పుడు పైనుంచి కొంచెం నింపుకోవాలి, అందుకే నింపే మూతి మళ్ళీ తెరుచుకునేలా ఉన్నది కొనడం మేలు, కొన్నింటికి శాశ్వతంగా కుట్టేసి ఉంటుంది.

చెవుల మీద ఏ బట్ట ఉండాలనేది పెద్ద వాదన, నిజానికి మీరు కాల్చే తీరుని బట్టి తేలుతుంది. లెదర్ స్టాక్‌ని కాస్త పట్టుకుంటుంది, కార్డూరా జారుతుంది. 6 పీపీసీ (బెంచ్‌రెస్ట్‌లో బాగా వాడే చిన్న తూటా రకం) లాంటి దాన్ని భుజం ఆనీ ఆనకుండా ఫ్రీ రీకాయిల్‌లో కాల్చేవాళ్ళకి జారే చెవులు కావాలి. లెదర్ అయితే టాల్కం పౌడర్ రాస్తారు, ఎండ రోజుల్లో బావుంటుంది, గాలిలో తేమ ఎక్కువుంటే పౌడర్ ముద్దయి ఇంకా పట్టేస్తుంది, పైగా స్కోప్ నాబ్‌ల మీద, బోల్ట్ మీద తెల్లగా పడుతుంది. నేను కార్డూరా చెవులకి మారింది ప్రధానంగా ఈ తేమ గొడవ తట్టుకోలేకే. అప్పుడప్పుడు గుడ్డ మీద సిలికోన్ స్ప్రే కొట్టి చెవుల లోపలివైపు తుడుస్తా, అంతకుమించి ఏం చెయ్యను. కొంతమంది స్టాక్ అడుగునే జారే టేప్ అంటిస్తారు, అది కూడా పనిచేస్తుంది, టేప్ అంచులు చెవి కుట్టుకి తగలకుండా చూసుకోవాలి.

.22 రిమ్‌ఫైర్ (రీకాయిల్ తక్కువున్న చిన్న తూటా) వాళ్ళు రీకాయిల్ ఎంతని, ఏ బ్యాగ్ అయినా ఒకటే అంటారు, నేను ఒప్పుకోను. మ్యాచ్ అమ్యూనిషన్ వేగం సెకనుకి 320, 330 మీటర్లు మాత్రమే, బుల్లెట్ బ్యారెల్ లోపల గడిపే సమయం సెంటర్‌ఫైర్ (పెద్ద రైఫిల్ తూటాల) కంటే ఎక్కువ, అది ఇంకా బ్యారెల్లో ఉండగానే రైఫిల్ కదలడం మొదలవుతుంది. ఆ కదలిక ప్రతిసారీ ఒకేలా ఉండాలి. చెవి ఒకసారి పట్టి ఒకసారి వదిలితే 50 మీటర్ల కార్డు మీద అది కనబడి తీరుతుంది.

సరే బ్యాగ్ తెచ్చారు, నింపారు. అది మీ రైఫిల్‌కి సరిపోయిందో లేదో ఒక్క తూటా కాల్చకుండా చూడొచ్చు. చాంబర్ ఖాళీ ఉందని కళ్ళతో చూసి, బోల్ట్ తీసేసి, రైఫిల్‌ని రెస్ట్ మీదా బ్యాగ్ మీదా పెట్టండి. క్రాస్‌హెయిర్‌ని టార్గెట్ మీద ఒక చుక్క పైన పెట్టి, ఇప్పుడు స్కోప్‌లో చూస్తూనే రైఫిల్‌ని బట్ దగ్గర పట్టుకుని నిటారుగా వెనక్కి ఓ అంగుళమో రెండంగుళాలో మెల్లగా లాగండి. క్రాస్‌హెయిర్ నిలువుగా పైకో కిందికో పోతే ఫర్వాలేదు. పక్కకి జారిందంటే ముందు రెస్ట్, వెనక బ్యాగ్, బ్యారెల్ మూడూ ఒక గీత మీద లేవు, లేదా ఒక చెవి ఇంకో చెవి కంటే గట్టిగా ఉంది. బ్యాగ్‌ని ఒక వెంట్రుకవాసి పక్కకి తిప్పి మళ్ళీ లాగండి. మళ్ళీ. క్రాస్‌హెయిర్ నిలువు గీత మీద ఎక్కి, రైఫిల్‌ని ముందుకి తోస్తే అదే గీత మీద దిగి చుక్క దగ్గరికే వచ్చి ఆగే దాకా. ఎంత తిప్పినా కొసలో వంకర పోతూనే ఉందంటే చెవుల్లో ఇసుక సమంగా లేదు, విప్పి మళ్ళీ నింపాల్సిందే. ఈ పరీక్ష నేను ఎప్పుడు సెటప్ పెట్టినా చేస్తా, రేంజ్ మీద మొదటి పని ఇదే.

నిలువుగా పోవడం ఫర్వాలేదన్నా కదా, అది స్టాక్ అడుగు వాలు వల్ల. చాలా స్టాక్‌ల అడుగు గీత వెనక్కి పోయేకొద్దీ కిందికి వాలి ఉంటుంది. రైఫిల్ వెనక్కి జరిగితే బ్యాగ్ మీదికి స్టాక్‌లో ముందున్న, అంటే పైనున్న భాగం వస్తుంది, బట్ దిగుతుంది, బ్యారెల్ మూతి లేస్తుంది. అడుగు గీత బ్యారెల్‌కి సమాంతరంగా ఉన్న స్టాక్‌లో ఇది దాదాపు ఉండదు. వాలు ఉన్న స్టాక్ అయితే ప్రతి షాట్ తర్వాతా రైఫిల్‌ని సరిగ్గా అదే చోటికి తేవాలి, ముందు రెస్ట్‌కి స్టాప్ ఉండేది అందుకే. బ్యాగ్‌ని మార్చి దీన్ని బాగుచెయ్యలేం, బ్యాగ్‌ని తిట్టకండి.

పోటీలకి వెళ్ళేవాళ్ళు కొనేముందు వాళ్ళ రూల్‌బుక్ చూసుకోవాలి. అమెరికాలో ఎన్‌బీఆర్‌ఎస్‌ఏ, ఐబీఎస్ అనే సంఘాలు నడిపే గ్రూప్ బెంచ్‌రెస్ట్‌లో లైట్ వార్మింట్ క్లాసుకి 10.5 పౌండ్లు, హెవీ వార్మింట్‌కి 13.5 పౌండ్లు రైఫిల్ బరువు పరిమితి, ఈ క్లాసుల్లో ముందు రెస్టూ వెనక బ్యాగూ ఒకదానికొకటి కలిపి ఉండకూడదు, రైఫిల్‌ని పైకెత్తితే ఏ అడ్డూ లేకుండా లేవాలి. అంటే చెవులు స్టాక్‌ని బిగించి పట్టుకునేలా చేసుకోవడం కుదరదు, ఇసుక మీద ఆనాలి, అంతే. అన్‌లిమిటెడ్ క్లాసులో వెసులుబాటు ఎక్కువ. ఎఫ్-క్లాస్‌లో ఎఫ్-ఓపెన్‌కి 10 కిలోలు, ఎఫ్-టీఆర్‌కి 8.25 కిలోలు, అక్కడా ముందూ వెనకా కలపకూడదు, వెనక బ్యాగ్‌కి స్క్రూ తిప్పి ఎత్తు మార్చే ఏర్పాటు ఉండకూడదు. అందుకే ఎఫ్-టీఆర్‌లో బైపాడ్ (రైఫిల్‌కి తగిలించే రెండుకాళ్ళ స్టాండు) పెట్టేవాళ్ళు వెనక బ్యాగ్‌ని చేత్తో పిసికి ఎత్తు సర్దుకుంటారు, వాళ్ళకి మరీ రాయిలా నింపిన బ్యాగ్ పనికిరాదు, పొడుగు చెవులే నయం.

పేర్లు అడుగుతారు కాబట్టి, బెంచ్‌ల మీద తరచూ కనబడేవి ప్రొటెక్టర్, ఎడ్జ్‌వుడ్, సెబ్ వాళ్ళ బిగ్‌ఫుట్, ఇటలీ నుంచి వచ్చే లెంజీ. వెడల్పాటి అడుగు, బరువు కావాలంటే బిగ్‌ఫుట్, ఎడ్జ్‌వుడ్ రకాలు చూడండి. మామూలు స్పోర్టర్ (వేట రకం) స్టాక్, వారానికోసారి సరదాగా గ్రూపులు కాల్చేవాళ్ళకి లెదర్ బన్నీ ఇయర్ ఒకటి, దాన్లో శుభ్రమైన క్వార్ట్జ్ ఇసుక, చాలు, నిజంగా చాలు, జిర్కాన్ కోసం అప్పు చెయ్యక్కర్లేదు.

నా బ్యాగ్‌లో నచ్చనివి కూడా చెప్పాలి. ఒక చెవి మొదట్లో కుట్టు దగ్గర సన్నగా ఇసుక కారింది, బెంచ్ మీద చిన్న కుప్ప పడుతుంటే తెలిసింది, మైనం పూసిన దారంతో లోపలినుంచి రెండో వరస కుట్టించాక ఆగిపోయింది. జిర్కాన్ రేణువు సన్నం, క్వార్ట్జ్ ఆగిన కుట్టులోంచి అది కారిపోతుంది, కాబట్టి హెవీ శాండ్ వేసే ఉద్దేశం ఉంటే కుట్టు రెండు వరసలు ఉందా లేదా కొనేముందే గుడ్డ లాగి చూడండి. ఎత్తు తక్కువ కాబట్టి నా ముందు రెస్ట్‌కి కింద ఒక గట్టి పలక వెయ్యాల్సి వస్తోంది, పలక అంటే వంగని చెక్కో అల్యూమినియమో, స్పాంజి మ్యాట్ లాంటిది పెడితే ఇంతసేపూ చెప్పుకున్నదంతా వృథా. రేంజ్‌లో పలక అనుమతి ఉందో లేదో కూడా కనుక్కోవాలి. ఇంకొకటి, దీనికి పట్టుకునే పట్టీ లేదు. పదకొండు కిలోల నున్నటి సంచిని కారు దగ్గర్నుంచి బెంచ్ దాకా రెండు చేతులతో కౌగిలించుకుని మోయాలి, చెవులు పట్టుకుని లేపారంటే లోపల కూరిన ఇసుకంతా సర్దుకుపోతుంది, కుట్టు కూడా లాగేస్తుంది, ఎవరైనా సాయం చేస్తానంటే ముందే చెప్పండి చెవులు ముట్టుకోవద్దని. మళ్ళీ కొంటే ఇదే కొంటా, పక్కన పట్టీ కుట్టినది దొరికితే అది కొంటా.